వాలిన ఆకు – కణములోని నీటి బలము

కర్నూలు, కడప ఎండలకు మధ్యాహ్నము తులసి తల వాల్చగానే తెగులేమోనని గృహిణులు కలవరపడుదురు. ఆకుకు ఎముకలు లేవు. ప్రతి కణములోని నీరు దాని గోడను లోపలినుండి నెట్టుచుండుటచేతనే అది నిక్కి నిలుచును. ఆ ఒత్తిడి కారు టైరులోని గాలి ఒత్తిడికి రెండు మూడు రెట్లు కూడ ఉండును. వేళ్లు పీల్చునదానికంటె ఆకులు ఆవిరిగా విడుచునది హెచ్చయినచో కణము సడలును. సాయంత్రమునకు లేచినచో భయము లేదు. ఉదయము కూడ వాలియుండి, మన్ను పొడిగా ఉన్నచో నీరు పోయవలెను. తడిగా ఉన్నచో వేరుకుళ్లును శంకింపవలెను. మరింత పోసినచో మొక్క దక్కదు. మన బోరునీటి ఉప్పు మన్నులో పేరుకొన్నను, తడి ఉండియు వేళ్లు పీల్చలేవు.

కొన్నింటిని మినహాయించి, ఎండు మూలికకు పచ్చిది రెట్టింపు తూచవలెనను మన శాస్త్రనియమము ఈ నీటి లెక్కయేనని నా అభిప్రాయము. స్వరసమునకు తులసిని ఎండ ముదరకమునుపే కోయింతును. వాడినదానిలో రసము తక్కువ.