వారసత్వముగా వచ్చిన విశ్రాంతి నిధి

తండ్రి నాటిన చెట్టు ఫలమును బిడ్డలనుభవించుట లోకసహజము. కాని యా ఫలములో ప్రభుత్వమునకు చెల్లవలసిన భాగమింకను మిగిలియున్నయెడల దానిని చెల్లించువారెవరు? ఎన్నాళ్లలో చెల్లింపవలెను? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ననేక కుటుంబముల కీ ప్రశ్న యెదురగుచున్నది. తెలుగువారు పలువు రచ్చట నుద్యోగములు చేసి యిట్టి నిధులను కూర్చుకొనుచున్నారు గావున మనమును దీనిని తెలిసికొనుట మేలు.

1974వ సంవత్సరపు చట్టమువలన నా దేశమున ఐ.ఆర్.ఏ. యను విశ్రాంతి ఖాతా యేర్పడెను. సంపాదించు దినములలో నిందు వేయు సొమ్ముపై సాధారణముగా నా యేట ఆదాయపు పన్ను పడదు. వార్ధక్యమున తీసికొనునపుడు పడును. ఇది పన్ను మాఫీ కాదు, వాయిదా మాత్రమే. ఖాతాదారు మరణించినను బాకీ తీరదు. సొమ్ముతోకూడ వారసులకు సంక్రమించును.

పూర్వము వారసులు తమ శేషాయుర్దాయపు అంచనానుబట్టి యేటేట కొంచెముగా తీసికొనుటకు వీలుండెను. 2019 డిసెంబరు 20వ తేదీన ఆమోదముపొందిన సెక్యూర్ చట్టము పెక్కుమందికి దీనిని తొలగించెను. 2020 మొదలు మరణించినవారి ఖాతాను, మరణించిన సంవత్సరమునకు తరువాతి పదవ సంవత్సరము ముగియులోపల వారసులు పూర్తిగా ఖాళీ చేయవలెను.

దీని ఫలమెట్టిదో యొక లెక్కవలన చూతము. నలువదేండ్ల కుమార్తెకు 3,00,000 డాలర్లు సంక్రమించెననుకొందము. పాత పట్టిక ప్రకార మా మొత్తమును 43.6చే భాగింపగా మొదటి యేట తీసికొనవలసినది సుమారు 6,900 డాలర్లు. ఇప్పుడు వడ్డీని విడిచి సమానముగా పంచినను ఏటికి 30,000 డాలర్లగును. ఇది యామె జీతముతో కలియును. అచ్చట ఆదాయము పెరిగినకొలది పన్ను శాతమును పెరుగును గాన భారము హెచ్చును. అంతయు పదవ యేట నొక్కసారిగా తీసికొన్నచో మరింత హెచ్చును.

ఈ నియమమునకు మినహాయింపులు కలవు. భార్యకు గాని భర్తకు గాని, అంగవైకల్యముగలవారికి, దీర్ఘరోగులకు, మృతునికంటె పదేండ్లకు మించి చిన్నవారు కానివారికి పాత సౌకర్యము కొంత మిగిలినది. మృతుని మైనరు బిడ్డలకు 21 ఏండ్లు నిండువరకును మినహాయింపు. పిమ్మట పదేండ్ల గడువు.

మరియొక మెలిక కలదు. నిర్బంధముగా సొమ్ము తీసికొనవలసిన వయస్సు ఖాతాదారునకు వచ్చినపిదప మరణము సంభవించినయెడల, పదేండ్ల గడువుగల వారసులు నడుమ సంవత్సరములలోను కొంత తీసికొనవలెనని 2024లో వెలువడిన నిబంధనలు స్పష్టముచేసినవి. ఇవి 2025 మొదలు అమలులోనికి వచ్చెను. తప్పినచో, తీసికొనని మొత్తముపై 25 శాతము జరిమానా. సకాలమున దిద్దుకొన్నచో 10 శాతము.

కావున విద్యార్థులారా, ఆస్తి యెంతయని యడుగుటతో చాలదు; దానిపై నున్న బాకీ యెంత, గడువెప్పుడని కూడ నడుగవలెను. తలిదండ్రులును ఖాతా యెచ్చటనున్నదో, వారసులుగా నెవరి పేరు వ్రాసితిరో బిడ్డలకు తెలుపవలెను. చట్టము మారినపుడెల్ల ఆ పత్రములను మరల చూచుకొనవలెను. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనుట వివేకము.