పంటి పురుగు అనే మాట వెనుక

వరంగల్



వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల పల్లెల నుంచి పంటి నొప్పితో వచ్చే పెద్దలు తమ బాధను ‘పన్నుకు పురుగు పట్టింది’ అనే మాటతోనే మొదలుపెడతారు. ఈ భావన నేటిది కాదు. పన్ను పుచ్చే వ్యాధికి సుశ్రుత సంహిత పెట్టిన పేరు కూడా ‘కృమిదంతకం’. కొత్తగా దంతవైద్యపు చదువు మొదలుపెట్టిన విద్యార్థికి ఆ మాట వినగానే నవ్వు రావచ్చు గాని, అందులో సగం నిజం ఉన్నదని గ్రహించి, తక్కిన సగాన్ని ఓపికగా సరిదిద్దడం నేర్చుకోవడమే ఆ చదువులో కష్టమైన పాఠం.

నిజమైన సగాన్ని తొలిసారి కళ్ళతో చూసినవాడు హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. తాను స్వయంగా తయారుచేసుకున్న సూక్ష్మదర్శినిలో పళ్ళ సందుల్లోని తెల్లని పాచిని పరీక్షించి, అందులో అతి చిన్న ప్రాణులు కదులుతున్నాయని 1683లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఒక లేఖలో తెలియజేశాడు. ఆయన చూసినవాటినే నేడు బాక్టీరియా అంటున్నారు. మనుషుల నోళ్ళలో ఇంతవరకు సుమారు 700 జాతుల బాక్టీరియాను గుర్తించారు. పేగుల తరువాత శరీరంలో ఇంత వైవిధ్యం ఉన్న చోటు నోరే. వీటిలో ఎక్కువ భాగం శత్రువులు కావు, ఊరిలో కాపురముండే జనం వంటివి; వాటి మధ్య పొత్తు చెడినప్పుడే రోగం పుడుతుంది.

ఆ పొత్తు ఎలా చెడుతుందో వివరించినవాడు బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలబీ మిల్లర్. నోటిలోని బాక్టీరియా పన్నును కొరకదని, మనిషి తిన్న పిండిపదార్థాలను, చక్కెరలను పులియబెట్టి ఆమ్లాన్ని తయారుచేస్తుందని, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తుందని ఆయన 1890లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు. 1924లో ఇంగ్లండులో క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చిన పళ్ళ నుంచి వేరుచేసి ‘స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్’ అని పేరు పెట్టిన బాక్టీరియా ఈ పనిలో ముఖ్యమైనది. అది పంచదారతో జిగురు వంటి పదార్థాన్ని కూడా తయారుచేసి, పాచిని పంటికి గట్టిగా అంటిపెడుతుంది. ఆమ్లతను కొలిచే సంఖ్యను పీహెచ్ అంటారు. అది తగ్గినకొద్దీ ఆమ్లత పెరుగుతుంది. పాచి పీహెచ్ సుమారు 5.5 కన్న కిందికి దిగితే, పన్నుకు పై కవచమైన పింగాణీ పొరలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆమ్లాన్ని విరిచి ఖనిజాన్ని తిరిగి చేర్చగలదు గాని, దానికి అరగంట నుంచి గంట వరకు వ్యవధి కావాలి.

తీపి ఎంత తిన్నారన్నదానితోపాటు ఎన్నిసార్లు తిన్నారన్నది కూడా ఇందువల్లనే ముఖ్యమవుతుంది. సద్దుల బతుకమ్మ నాడు పంచుకున్న సత్తులు, మలీద భోజనంతోపాటు తిని నోరు పుక్కిలించినవారి పళ్ళకు కలిగే హాని కొద్దిపాటిది. ఆ సత్తులనే గిన్నెలో పెట్టుకొని పొద్దంతా కొంచెం కొంచెంగా నోట్లో వేసుకునేవారికి, గంటకొకసారి చక్కెర చాయ్ తాగే దుకాణదారుకు లాలాజలం చేసే మరమ్మతుకు వ్యవధే చిక్కదు.

పంటిని కాక చిగురును పట్టే రోగం మరొకటి ఉన్నది. పాచిని తొలగించకుండా వదిలేస్తే, లాలాజలంలోని సున్నపు లవణాలు అందులో చేరడంతో అది గట్టిపడి గారగా మారుతుంది. గారను బ్రష్షు తీయలేదు, వైద్యుడి పనిముట్టే తీయాలి. చిగురు వాచి, తోముకునేటప్పుడు రక్తం కారే తొలి దశలో శుభ్రం చేస్తే చిగురు తిరిగి బాగుపడుతుంది. రోగం లోతుకు దిగి, పన్నును పట్టి ఉంచే ఎముక అరిగిపోతే మాత్రం పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. బీడీ తాగేవారిలో పొగాకు చిగుళ్ళ రక్తనాళాలను కుదించివేయడం వల్ల రక్తం కారడం తగ్గి, రోగం లోపల ముదురుతున్నా పైకి తెలియదు. కాబట్టి రక్తం లేదన్న కారణంతో చిగురు బాగున్నదని నిర్ణయించరాదు.

చిగురు రోగం నోటిలోనే ఆగదు. వాచిన చిగురు నుంచి బాక్టీరియా, వాపును రేపే రసాయనాలు రక్తంలో కలుస్తాయి. మధుమేహంతో దీనికి రెండు వైపులా సంబంధం ఉన్నది: అదుపులో లేని చక్కెర చిగురు రోగాన్ని పెంచుతుంది, చిగురు రోగం చక్కెర అదుపును చెడగొడుతుంది. చిగురుకు చికిత్స చేసిన మధుమేహ రోగుల్లో, రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష విలువ మూడు నాలుగు నెలల్లో సుమారు 0.4 శాతం పాయింట్ల మేర తగ్గినట్లు అనేక పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. కీళ్ళవాతపు జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతిన్నవారికి, కృత్రిమ కవాటం అమర్చుకున్నవారికి నోటి నుంచి రక్తంలో చేరిన స్ట్రెప్టోకాకస్ జాతులు కవాటం మీద తిష్ఠవేసి ప్రాణాపాయం తేగలవు. మంచం పట్టిన వృద్ధుల్లో నోటి మురికి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు.

ఇంతమాత్రాన ప్రతి జబ్బునూ పంటి మీదికి నెట్టడం తగదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, ఎక్కడి జబ్బుకైనా నోటిలో దాగిన చీము మూలమన్న వాదం అమెరికా, ఇంగ్లండు దేశాల్లో ప్రబలి, ఎందరికో బాగున్న పళ్ళు కూడా ఊడబీకారు. గుండెపోటుతో, అల్జీమర్స్ మరపు వ్యాధితో చిగురు రోగానికి సంబంధం కనిపిస్తున్నా, అదే కారణమని ఇంకా రుజువు కాలేదు. రెండు విషయాలు కలిసి కనిపించడం వేరు, ఒకటి మరొకదానిని పుట్టించడం వేరు అన్న తేడా విద్యార్థి మరువరానిది.

నోటిలోని బాక్టీరియాను సమూలంగా చంపాలనుకోవడం కూడా పొరపాటే. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరల్లోని నైట్రేటును నాలుక మీది బాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది. అది శరీరంలో నైట్రిక్ ఆక్సైడుగా మారి రక్తనాళాలను సడలిస్తుంది. అందువల్ల ఘాటైన పుక్కిలింత మందులు వైద్యుడు చెప్పినన్ని రోజులకే పరిమితం కావాలి. వేపపుల్ల వాడేవారిని తక్కువ చేసి చూడనవసరం లేదు. నమిలి కుంచెగా చేసిన పుల్ల పాచిని రాలుస్తుంది, అయితే దానిలో ఫ్లోరైడు ఉండదు. తగు మోతాదులో ఫ్లోరైడు పింగాణీని ఆమ్లానికి ఓర్చేలా చేస్తుంది. మోతాదు మించితే ఏమవుతుందో నల్లగొండ జిల్లా బోరు నీళ్ళు తాగి పెరిగినవారి గోధుమరంగు పళ్ళు, వంగిన ఎముకలు చెబుతాయి. ఆ మరకలను పుచ్చుగా పొరబడరాదు.

2014లో వరంగల్ కేంద్రంగా ఏర్పడి, తెలంగాణలోని దంతవైద్య కళాశాలలకు పట్టాలిచ్చే ఆరోగ్య విజ్ఞానాల విశ్వవిద్యాలయానికి కాళోజీ నారాయణరావు పేరు పెట్టారు. ప్రజల మాటకు గౌరవం కోరిన ఆ కవి పుట్టిన రోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆయన పేరున్న పట్టా అందుకోబోయే వైద్యుడు, ‘పురుగు పట్టింది’ అన్న ముసలవ్వను ఎగతాళి చేయక, రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతారో, చక్కెర పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో, గుండె జబ్బు ఏమైనా ఉన్నదో అడిగి తెలుసుకొని, ఆ తరువాతనే నోరు తెరవమనాలి.