కడలి దాటిన కూలీలు

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలు ప్రసిద్ధములు. మాఘ ఫాల్గుణ మాసములలో ఆ ప్రాంతమున పయనించువారికి ఒకవైపు తెల్లగా విచ్చిన ప్రత్తిచేలును, వేరొకవైపు కల్లములలో ఎఱ్ఱగా ఆరుచున్న మిరపకాయలును కన్నులపండువుగా కానవచ్చును. కాని యీ సీమలో మెట్టరైతు బ్రదుకు తరతరములుగా మబ్బును నమ్ముకొన్నది. వాన కురిసిన పంట, కురియనిచో అప్పు, అప్పు తీరనిచో వలస.

నందన నామ సంవత్సరమున, అనగా 1832లో, ఈ సీమలో వానలు తప్పిపోయెను. గాదెలు అడుగంటెను. పశువులు మేత లేక కూలినవి. జనుల డొక్కలు ఎండి ఎముకలు బయటపడినందున ఆ క్షామమునకు డొక్కల కరువని పేరు వచ్చినది. అప్పటి గుంటూరు సీమలో సుమారు ఐదు లక్షల జనము ఉండగా, లక్షన్నరకు పైగా ఆకలికిని రోగములకును బలియైరి. మిగిలినవారిలో అనేకులు ఊళ్లు విడిచి మద్రాసు బాట పట్టిరి. చాలమంది ఆ బాట ప్రక్కనే ప్రాణములు విడిచిరి. కూడు దొరకునన్నచో ఎంత దూరమైనను పోవుటకు మనుష్యుడు సిద్ధపడునని ఆ కరువు చాటి చెప్పినది.

సరిగా ఆ కాలముననే సముద్రమునకు ఆవల కూలీల కొఱకు వెదకులాట మొదలయ్యెను. మద్రాసునకు నైరృతి దిశగా హిందూమహాసముద్రములో మారిషసు అను ద్వీపము కలదు. అది ఉష్ణమండలమునకు చెందిన చిన్న దీవి. దాని వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. 2022లో విభజింపబడుటకు ముందున్న గుంటూరు జిల్లాలో అది ఆరవ వంతు మాత్రమే. అచ్చట తెల్లదొరల చెఱకుతోటలలో ఆఫ్రికా బానిసలు పాటుపడుచుండిరి. 1835వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఆ దీవిలో బానిసత్వము రద్దయినది. విముక్తులైనవారు మరల ఆ తోటల ముఖము చూడ నొల్లకుండిరి. తోటల యజమానుల చూపు భారతదేశముపై పడినది.

అంతకు ముందే, 1834 నవంబరు 2వ తేదీన, కలకత్తా నుండి 36 మంది కూలీలతో అట్లాసు అను ఓడ ఆ దీవిలోని పోర్టు లూయీ రేవు చేరినది. కొలది ఏండ్లలోనే తెలుగువారును ఆ త్రోవ పట్టిరి. వారిలో విశాఖ, గంజాం, గోదావరి సీమల వారు అధికులు. గోదావరి ముఖమునగల కోరంగి ఆనాడు పేరుమోసిన ఓడరేవు. సముద్రము దాటిన తెలుగువారికి ఆ రేవు పేరే పేరయినది. బర్మాలో వారిని కొరంగీలని పిలిచిరి.

చేతిలో కాసు లేనివాడు ఇంత దూరము ఎట్లు పోగలిగెను? ఓడ కేవు అతడు చెల్లింపనక్కరలేదు. తోటల యజమానులే దానిని భరించిరి. అతడు చేయవలసినదెల్ల ఒక కాగితముపై నిశాని పెట్టుటయే. ఆ కాగితము ప్రకారము అతడు ఐదేండ్లు తోటలో పని చేయవలెను. నెలకు ఐదు రూపాయల జీతము. దానితో పాటు బియ్యము, పప్పు, ఉప్పు మొదలైన గ్రాసము. తొలి సంవత్సరములలో తిరుగు ప్రయాణపు ఖర్చు క్రింద నెలకొక రూపాయి పట్టి ఉంచుకొనెడివారు.

అరువది నెలలకు మూడు వందల రూపాయలు! ఆకలిగొన్నవానికి అది నిధివలె తోచుటలో వింత లేదు. కాని లెక్క అంతటితో ముగియలేదు. సెలవు లేక ఒక దినము పని మానినచో రెండు దినముల కూలి కోయుదురు. ఐదు దినములు మానినవానికి పది దినముల కూలి పోవును. ఈ రెండింతల కోత సంగతి నిశాని పెట్టునాడు ఎందరికి తెలియును? అంతేకాదు, 1850 తరువాతి తొలి సంవత్సరములలో ఉచితముగా తిరిగి వచ్చు హక్కును కూడ తీసివేసిరి. పోవుటకు కేవు లేదు. వచ్చుటకు మాత్రము కేవు కావలెను. ఉచితమని తలచిన ప్రయాణమునకు కూలీలు తమ యౌవనమునే వెలగా ఇచ్చిరి.

ఓడలో నెలకు పైబడి ప్రయాణము. పోర్టు లూయీలో దిగినవెంటనే ప్రతివానికిని ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి గురుతులు చిట్టాలో వ్రాసెడివారు. తెలుగు తెలియని గుమాస్తా తన చెవికి వినబడినట్లు పేరు వ్రాసికొనెను. ఇంటిపేరు ముందు చెప్పుకొను తెలుగువాని యింటిపేరు అచ్చటనే జారిపోయినది. అతని సొంత పేరే మనుమలకు ఇంటిపేరయ్యెను.

ఆ నేల అగ్నిపర్వతము నుండి పుట్టినది. ఎచ్చట త్రవ్వినను నల్లని రాళ్లే. రాళ్లను తిరుగవేసినచో క్రింద బంగారము దొరకునని దళారులు ఆశ చూపిరని ఆ దీవిలో నేటికిని చెప్పుకొందురు. కూలీలు రాళ్లు తిరుగవేసిరి, బంగారము కానరాలేదు. ఆ రాళ్లను ఏరి గుట్టలుగా పేర్చి, మిగిలిన మట్టిలో చెఱకు నాటిరి. ఆ రాతిగుట్టలు నేటికిని చెఱకుతోటల నడుమ నిలిచియున్నవి.

కష్టములు మితిమీరినప్పుడు కూలీలు ఊరకుండలేదు. 1871లో ప్లెవిట్జు అనునతడు వారి పక్షము వహించి ఒక విన్నపమును సిద్ధపరచెను. దానిపై తొమ్మిది వేలకు పైగా కూలీలు సంతకములును, నిశానులును పెట్టిరి. దాని ఫలితముగా మరుసటి యేడు బ్రిటిషు ప్రభుత్వము విచారణ సంఘమును పంపినది. 1875లో వెలువడిన ఆ సంఘపు నివేదిక కూలీల బాధలను లోకమునకు తెలిపినది. చదువక నిశాని పెట్టిన కాగితము వారిని బంధించెను. తెలిసి నిశాని పెట్టిన కాగితము వారి పక్షమున పలికెను.

గడువు తీరినవారిలో కొందఱు స్వదేశమునకు మరలి వచ్చిరి. పెక్కుమంది అచ్చటనే నిలిచిరి. వారు ఆవులను పెంచి, కూరగాయలు పండించి, పైసా పైసా కూడబెట్టిరి. 1880 తరువాత చెఱకు ధర పడిపోగా, పెద్ద తోటల వారు భూములను ముక్కలుగా అమ్మజూపిరి. నిన్నటి కూలీలు ఆ ముక్కలను కొని నేడు రైతులైరి. దళారి చెప్పిన బంగారము, చివరకు వారు తమ చెమటతో సంపాదించుకొన్న ఆ మట్టియే.

1901లో గాంధీజీ దక్షిణాఫ్రికా నుండి స్వదేశమునకు వచ్చుచు ఆ దీవిలో కొన్ని దినములు ఆగెను. పిల్లలకు చదువు చెప్పింపుడని అచ్చటి భారతీయులకు బోధించెను. మారిషసునకు కూలీలను పంపుట 1910లో ఆగిపోయినది. అంతవరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ దీవిలో అడుగిడిరి. వారు దిగిన రేవుమెట్లు నేడు ఆప్రవాసీ ఘాట్ అను పేర 2006 నుండి ప్రపంచ వారసత్వ స్థలముగా గౌరవింపబడుచున్నవి. 1968 మార్చి 12వ తేదీన మారిషసు స్వతంత్ర దేశమయ్యెను.

అచ్చటి తెలుగువారి యిండ్లలో నేడు వాడుక భాష క్రియోలు. అయినను వారు తెలుగును పూర్తిగా విడువలేదు. దీపము చుట్టును తిరుగుచు రామభజన చేయుదురు. సింహాద్రి అప్పన్నను కొలుతురు. అమ్మోరు పండుగ జరుపుదురు. ఉగాది అచ్చట ప్రభుత్వ సెలవుదినము. 1947లో ఆంధ్ర మహాసభ ఏర్పడినది. బడులలో తెలుగు చెప్పుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. పూర్వుల చిట్టాలు మోకా పట్టణములోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి. తమ తాతల ఊరి పేరు తెలిసికొనుటకు మనుమలు నేటికిని ఆ చిట్టాలను వెదకుచుందురు.

1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియై డెల్టాకు నీరు వచ్చినది. 1967 నుండి నాగార్జునసాగరు కాలువలు మెట్టసీమల దాహమును కొంత తీర్చినవి. అయినను ప్రత్తికి పురుగు పట్టిన యేడు, మిరపకు ధర పడిన యేడు అప్పు పాలగు కుటుంబములు నేటికిని కలవు. దూరదేశములో జీతము దొరకునని ఎవరైన చెప్పినచో వారి మనస్సు అటు పరుగెత్తుట సహజము. వలసపోవుట తప్పు కాదు. తెలియక పోవుటయే ప్రమాదము. విదేశములకు కూలీలను పంపు దళారులు ప్రభుత్వమువద్ద నమోదు కావలెనని 1983లో భారత పార్లమెంటు చట్టము చేసినది. కాని యే చట్టమైనను, తన కాగితమును తాను చదువుకొన్నవానికే చక్కగా తోడుపడును. జీతమెంత? కోతలెన్ని? జబ్బుచేసినచో దిక్కెవరు? తిరిగి వచ్చుటకు కేవు ఎవరు ఇత్తురు? ఈ నాలుగు ప్రశ్నలు అడుగుటకు నాటి కూలీలకు అక్షరము లేకపోయెను. అందుచేతనే రాళ్లు మోసిన ఆ చేతులు, కూడబెట్టిన మొదటి కాసులతో తమ బిడ్డలకు పలకలు కొని యిచ్చినవి.