రథం తాడు పట్టే వాలంటీర్లు

జపాన్‌లోని క్యోటోలో ఏటా జులై 17న, 24న గియోన్ ఉత్సవ రథాలు కదులుతాయి. రెండు రోజులూ కలిపి 34 రథాలు. వాటిలో పెద్దవి 25 మీటర్ల దాకా ఎత్తు, 12 టన్నుల దాకా బరువు. మేకు అన్నది కొట్టకుండా దుంగలను తాళ్లతో బిగించి కడతారు. చక్రాలు వాటంతటవి పక్కకు తిరగవు. అందుకే వీధి మలుపు దగ్గర చక్రాల కింద వెదురు బద్దలు పరిచి, నీళ్లు చల్లి, అందరూ ఒక్క ఊపున రథాన్ని పక్కకు జారుస్తారు. పెద్ద రథం లాగాలంటే నలభై యాభై మంది కావాలి. వాటిని పోషించిన పాత వ్యాపార కుటుంబాలు ఆ వీధుల్లో ఇప్పుడు అంతగా లేవు. దాంతో తాడు పట్టేవాళ్లలో బయటి నుంచి వచ్చిన వాలంటీర్లు, విద్యార్థులు, విదేశీయులు కూడా కనిపిస్తారు.

విదేశాల్లో వాలంటీరింగ్ అనగానే మన కాలేజీ పిల్లలు రెండు రకాలుగా ఆలోచిస్తారు. రెజ్యూమెలో ఓ లైను పెరుగుతుందని కొందరు, తక్కువ ఖర్చులో దేశం చూసి రావచ్చని కొందరు. స్థానిక ఉత్సవాలు ఈ రెండో లెక్కలోకి వెళ్లిపోతాయి, ఆదివారం ఆటవిడుపులాగా. జపాన్ వరకు ఈ లెక్క తప్పని నా అభిప్రాయం. అక్కడ వేసవి ఉత్సవానికి ముందు జరిగే చాకిరీయే వాలంటీర్‌కు అసలు పని, నేర్చుకునేదంతా అందులోనే ఉంటుంది.

క్యోటో కన్నా పల్లెల్లో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. యువకులు పట్నాలకు పోయారు, ఊళ్లో మిగిలింది పెద్దవాళ్లు. మన ఊళ్లలో ఉత్సవ విగ్రహాన్ని పల్లకిలో ఊరేగించినట్టు వాళ్లు మికోషి అనే చిన్న మందిరాన్ని భుజాల మీద మోస్తారు. మోయడానికి భుజాలు చాలక కొన్ని ఊళ్లు బయటివాళ్లను పిలుచుకుంటున్నాయి. ఆగస్టు మధ్యలో ఓబోన్ వస్తుంది. పితృదేవతలు ఇంటికి వచ్చే రోజులు కాబట్టి అప్పటికి దారుల వెంట గడ్డి కోయాలి, గుడి మెట్లు శుభ్రం చేయాలి, నాట్యానికి మంచె కట్టాలి, దీపాలు వేలాడదీయాలి. వాలంటీర్లు ఊళ్లోనే ఉండి కలిసి పనిచేసే వర్క్‌క్యాంప్‌లో చేరినవాళ్లకు దొరికే పని చాలావరకు ఇదే. రెండు మూడు వారాలు ఉంటారు. బస, వంట సామాను ఊరివాళ్లవి, విమాన టికెట్టు మీది.

ఈ వర్క్‌క్యాంప్ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఓ ఫ్రెంచి పల్లెను తిరిగి కట్టడానికి 1920లో స్విట్జర్లాండ్‌కు చెందిన పియెర్ సెరెసోల్ కొంతమందిని వెంటబెట్టుకుని వెళ్లాడు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అలా పుట్టింది. 1934 బిహార్ భూకంపం తర్వాత ఆయన మన దేశానికీ వచ్చి ఊళ్లు కట్టే పనిలో దిగాడు. ఆ సంస్థకు భారత శాఖ ఉంది. జపాన్‌లో నైస్ అనే సంస్థ 1990 నుంచి ఇలాంటి క్యాంపులు నడుపుతోంది. వెతకడం మొదలుపెట్టేవారికి ఈ రెండు పేర్లు చాలు.

క్యాంపులో పని ఎలా నడుస్తుందో చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగానికి పనికొచ్చేది అదే. పొద్దున్నే ఊరి పెద్ద ఎవరికి ఏ పనో చెబుతాడు. మీకు అప్పజెప్పిన పని మొదలైతే చెప్పాలి, మధ్యలో తేడా వస్తే చెప్పాలి, అయ్యాక మళ్లీ చెప్పాలి. ‘నేను చూసుకుంటాలెండి’ అని మాయమైపోయి సాయంత్రం కనిపిస్తే అక్కడ కుదరదు. జపాన్ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పే క్రమశిక్షణ కూడా ఇదే. అలాంటి కంపెనీలు మన దగ్గరా ఉన్నాయి: శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ ఉన్నాయి, సంగారెడ్డి జిల్లా రుద్రారంలో తోషిబా ఉంది. అలాంటి చోట ఇంటర్వ్యూలో ‘జపాన్ సంస్కృతి అంటే ఇష్టం’ అనడం కన్నా ‘ఆరుగురం నాలుగు దేశాల వాళ్లం కలిసి మంచె కట్టాం, వర్షానికి రెండో రోజు పని ఆగితే ఇలా సర్దుకున్నాం’ అని చెప్పగలగడం బరువైన మాట. మీరు చేసిందే చెప్పండి, అతికించొద్దు. రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది.

తీసుకెళ్లడానికి మీ దగ్గరా సరుకుంది. గియోన్ ఉత్సవం 869లో మహమ్మారి శాంతించాలని మొదలైంది. సికింద్రాబాద్ లష్కర్ బోనాలకు చెప్పే కథ కూడా 1813 నాటి అంటువ్యాధి దగ్గరే మొదలవుతుంది. రెండూ వర్షాకాలపు ఉక్కలో, దాదాపు ఒకే రోజుల్లో జరుగుతాయి. సాయంత్రం భోజనాల దగ్గర ఊరివాళ్లకు ఈ పోలిక చెప్పి చూడండి, మాట దానంతటదే సాగుతుంది. ఇంకో సంగతి. గియోన్ రథాలకు చుట్టూ కట్టే పాత తివాచీల్లో కొన్ని దక్కన్‌లో నేసినవని పరిశోధకులు గుర్తించారు. మన వైపు మగ్గాల మీద పుట్టి సముద్రం దాటినవి ఇంకా అక్కడి వీధుల్లో ఊరేగుతున్నాయి. టెక్స్‌టైల్ డిజైన్, చరిత్ర, మ్యూజియాలజీ చదివేవాళ్లకు ఇదొక్కటే మంచి ప్రాజెక్టు అంశం.

పల్లెకు వెళ్లే వీలు లేకపోతే పెద్ద ఉత్సవాల్లోనూ చోటుంది. గియోన్ రథాలు కదిలే ముందు రాత్రుల్లో లక్షల జనం వస్తారు. అంగళ్ల దగ్గర వాడి పారేసే పళ్లేల బదులు కడిగి వాడేవి ఇచ్చి, చెత్తను వేరుచేసే కార్యక్రమం 2014 నుంచి వాలంటీర్లతోనే నడుస్తోంది. పర్యావరణ ఇంజినీరింగ్ విద్యార్థులు తప్పక చూడాల్సింది ఇది. అవొమోరిలో ఆగస్టు 2 నుంచి 7 దాకా జరిగే నెబుతా ఉత్సవంలో సంప్రదాయ దుస్తులు వేసుకుంటే చాలు, ఎవరైనా గెంతుతూ ఊరేగింపులో కలిసిపోవచ్చు. దుస్తులు అద్దెకు దొరుకుతాయి. మికోషిని మేడ మీద నుంచి కిందికి చూడడం జపాన్‌లో అమర్యాద, ఫోన్ పట్టుకుని పైకెక్కకండి. కొన్ని గియోన్ రథాల మీదికి ఆడవాళ్లను ఎక్కనివ్వని పాత కట్టుబాటు ఇంకా ఉంది. అమ్మాయిలు దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

చిక్కు ఎక్కడంటే మన వేసవి సెలవులు ఏప్రిల్, మే; వాళ్ల ఉత్సవాలు జులై, ఆగస్టు. అప్పటికి మన తరగతులు మొదలైపోతాయి. కాబట్టి ఇది ఎక్కువగా చివరి సంవత్సరం పూర్తయి, ఆఫర్ లెటర్ చేతిలో ఉండి, జాయినింగ్ తేదీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు కుదురుతుంది. అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు. జీతం రాదు, టికెట్టు డబ్బు తిరిగి రాదు. శాకాహారులైతే ఆ మాట దరఖాస్తులోనే రాయండి. కూరగాయల పులుసులో కూడా తరచూ చేపల రసం ఉంటుంది. జులైలో క్యోటో ఉక్క విజయవాడకు తీసిపోదు.

వీసాకు వెళ్లినప్పుడు జీతం లేని స్వచ్ఛంద పనికి వెళ్తున్నానని ఉన్నదున్నట్టు చెప్పండి, ఆహ్వానించిన సంస్థ పత్రం దగ్గర పెట్టుకోండి. ‘వాలంటీర్‌గా దిగండి, ఉద్యోగం అక్కడే చూసిపెడతాం’ అనే ఏజెంటు కనిపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. జపాన్‌లో ఉద్యోగానికి దారి వేరే ఉంది. 2019లో మొదలైన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకు నైపుణ్య పరీక్షతో పాటు సాధారణంగా జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీ లెక్కలో ఎన్4 స్థాయి భాష కావాలి. నర్సింగ్, వృద్ధుల సంరక్షణ రంగాల వాళ్లు తెలంగాణలో విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగవచ్చు.

క్యాంపుకు భాష తప్పనిసరి కాకపోయినా ఆ పరీక్షలో తొలి మెట్టయిన ఎన్5 ఉంటే ఊరి పెద్దావిడతో నాలుగు మాటలు మాట్లాడగలరు. హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ నేర్పుతారు. జేఎల్‌పీటీ జులైలో, డిసెంబరులో జరుగుతుంది. డిసెంబరులో రాస్తే జనవరి చివరికి ఫలితం తెలుస్తుంది. దాన్ని జతచేసి వేసవి క్యాంపులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టు లేనివాళ్లు ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.