కొలెస్ట్రాల్, ఆటిజం: కలిసి కనిపిస్తే కారణమేనా?



మీ ఇంట్లో నాన్నగారికో అమ్మమ్మగారికో రక్తపరీక్ష చేయించినప్పుడు రిపోర్టులో 'కొలెస్ట్రాల్' అనే మాట చూసే ఉంటారు. అది ఎక్కువైతే గుండెకు మంచిది కాదని పెద్దలు జాగ్రత్త పడతారు. మరి దానికీ ఆటిజానికీ సంబంధం ఉందని ఎవరైనా అంటే నమ్మాలా, వద్దా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కొలెస్ట్రాల్ అంటే ఏమిటి?

ఇది మైనం లాంటి పదార్థం. మన శరీరంలో ప్రతి కణం పైపొరలోనూ ఉంటుంది. ఇందులో ఎక్కువ భాగాన్ని శరీరమే, ముఖ్యంగా కాలేయం, తయారు చేసుకుంటుంది. మిగిలినది గుడ్డు, మాంసం, నెయ్యి వంటి వాటి నుంచి వస్తుంది.

మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతమే. కానీ శరీరంలోని కొలెస్ట్రాల్‌లో దాదాపు ఐదో వంతు అక్కడే ఉంటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే, చాలా నాడీ తంతువులకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. ఆ తొడుగుకు కొలెస్ట్రాల్ కావాలి. రక్తంలోని కొలెస్ట్రాల్ మాత్రం మెదడులోకి చేరదు. తనకు కావలసినది మెదడే తయారు చేసుకుంటుంది.

ఆటిజం అంటే ఏమిటి?

ఇది అంటువ్యాధి కాదు. మెదడు ఎదిగే తీరులో చిన్నప్పటి నుంచీ ఉండే తేడా. ఆటిజం ఉన్నవారిలో కొందరు తక్కువ మాట్లాడతారు. కొందరు పెద్ద శబ్దాలకు ఇబ్బంది పడతారు. చాలామందికి రోజూ చేసే పనులు అదే వరుసలో జరగాలి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు ఇలాంటి 11 మంది పిల్లల గురించి రాశారు. తర్వాత చాలా ఏళ్లపాటు, తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని కొందరు వైద్యులు చెప్పారు. అది తప్పని తేలింది. కానీ అప్పటికే ఎందరో తల్లులు చేయని నేరానికి నింద మోశారు.

పరిశోధనలు ఏం చెప్పాయి?

స్మిత్-లెమ్లీ-ఓపిట్జ్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బును 1964లో వర్ణించారు. ఒక జన్యువులో లోపం వల్ల కొలెస్ట్రాల్ తయారీలో చివరి మెట్టు సరిగా జరగదని 1993లో తెలిసింది. ఈ జబ్బు ఉన్న పిల్లల్లో చాలామందికి ఆటిజం లక్షణాలు ఉంటాయి. ఇక్కడ సంబంధం స్పష్టంగా ఉంది.

2006లో అమెరికాలో ఆటిజం ఉన్న 100 మంది పిల్లల రక్తాన్ని పరీక్షించారు. 19 మందిలో కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల కంటే తక్కువగా ఉంది. వారిలో ఎవరికీ పైన చెప్పిన జబ్బు లేదు. మరి మిగిలిన 81 మంది? వారికీ ఆటిజం ఉంది, కొలెస్ట్రాల్ మాత్రం అంత తక్కువగా లేదు. 2020లో వచ్చిన మరో పరిశోధన కూడా ఆటిజం ఉన్న 'కొందరిలో' రక్తంలోని కొవ్వుల స్థాయిలో తేడాలు ఉన్నాయనే చెప్పింది. 'కొందరిలో' అన్న మాట కింద గీత గీసుకోండి.

కలిసి కనిపించడం, కారణం కావడం

ద్వారకలో చలికాలం రాగానే పొగమంచు కమ్ముతుంది. అప్పుడే వేరుశనగకాయల బళ్లూ వస్తాయి. పల్లీల వల్ల పొగమంచు వచ్చిందని ఎవరూ అనరు కదా! రెండింటికీ కారణం చలికాలం.

ఇక్కడా అంతే. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది కొన్ని పదార్థాలే తింటారు. తిండిలో ఆ తేడా వల్ల కొలెస్ట్రాల్ మారవచ్చు. లేదా రెండింటికీ వెనుక ఒకే జన్యువు ఉండవచ్చు. అంకె ఒక్కటే చూసి కారణం చెప్పలేం.

సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఆటిజాన్ని అంచనా వేయడానికి భారతీయ కొలమానాన్ని తయారు చేసింది. ఆ సంస్థ పేరు ఇప్పుడు మారింది. ఆ కొలమానంలో 40 అంశాలున్నాయి. అన్నీ పిల్లల ప్రవర్తన, మాట, స్పందన గురించినవే. రక్తపరీక్ష అందులో లేదు.

మనం ఏం చేయాలి?

"నెయ్యి పెట్టండి, తగ్గిపోతుంది", "గుడ్డు మాన్పించండి" అని ఏ తల్లికీ సలహా ఇవ్వకండి. ఒకప్పుడు ఆమె ప్రేమను తప్పుపట్టారు. ఇప్పుడు ఆమె వంటింటిని తప్పుపట్టవద్దు. మందులు, ఆహారం సంగతి డాక్టరుగారు చూసుకుంటారు.

మీరు చేయగలిగినది వేరే ఉంది. బదిలీ అంటే ఏమిటో మీకు బాగా తెలుసు: కొత్త ఊరు, కొత్త బస్సు, కొత్త బెంచీ. రోజూ ఒకే వరుస కావలసిన పిల్లవాడికి అది ఇంకెంత కష్టమో ఊహించండి. అలాంటివారు మీ తరగతిలో చేరితే ఒకే చోట కూర్చోనివ్వండి. గంట మోగబోతోందని ముందే చెప్పండి. జవాబు కోసం కాస్త ఆగండి.

ఆలోచించి రాయండి

1. రక్తంలోని కొలెస్ట్రాల్‌ను బట్టి మెదడులోని కొలెస్ట్రాల్ తెలుస్తుందా? ఎందుకు?
2. 100 మందిలో 19 మంది అన్న ఫలితం నుంచి ఏం చెప్పగలం? ఏం చెప్పలేం?
3. కలిసి కనిపించినా ఒకదానికొకటి కారణం కాని రెండు విషయాలను మీరు ఇంతకుముందు ఉన్న ఊరి నుంచి చెప్పండి.