క్రోధమునకును హత్యకును నడిమి కాలము

మనుష్యుడు మనుష్యు నేల చంపును? హంతకులు పుట్టుకచేతనే క్రూరులనియు, వారి జాతి వేఱనియు దలంచి మనము నిశ్చింతగా నుందుము. ఈ తలంపు సత్యము కాదు. మన దేశమున 2022వ సంవత్సరమున నమోదైన హత్యాభియోగములు 28,522. వానిలో తగవులవలన గలిగినవి 9,962. పగవలన గలిగినవి 3,761. లాభాపేక్షవలన గలిగినవి 1,884. ధనాశకంటె కలహమే యెక్కువ ప్రాణములను గొన్నది. కలహమన్ననో మన గడపలయందే పుట్టునది.

క్రోధమునకు రెండు దశలు గలవు. మొదటిది వివేకమును గప్పివేయు ఉద్రేకము. ఇది త్వరలోనే చల్లాఱును. రెండవది అవమానమును మరల మరల దలపోయుట. ఇందు బుద్ధి మేల్కొనియే యుండి, చేయబోవు కార్యమునకు న్యాయము కల్పించుచు క్రోధమునకు దాస్యము చేయును. కావున రెండవదియే మిక్కిలి భయంకరము.

మన ధర్మశాసనము ఈ భేదము నెఱుగును. తీవ్రమై, ఆకస్మికమైన ప్రకోపనముచే నిగ్రహము గోల్పోయి చంపినవాని నేరమును 1860 నాటి శిక్షాస్మృతి హత్యకంటె దక్కువగా నెంచెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు నట్లే యెంచుచున్నది.

1959 ఏప్రిలు 27వ తేదీన బొంబాయిలో నానావతి యను నౌకాదళాధికారికి, అహూజా యనువానితో దనకు గల సంబంధమును భార్య తెలిపెను. అతడు భార్యాబిడ్డలను సినిమాశాలయొద్ద దింపి, నౌకకేగి, అబద్ధపు కారణము చెప్పి రివాల్వరును ఆఱు తూటాలను దీసికొని, అహూజాను గార్యాలయమున వెదకి కానక, యింటికి బోయి కాల్చెను. జూరీలోని తొమ్మండుగురిలో నెనమండుగు రతడు నిర్దోషి యనిరి. ఉన్నత న్యాయస్థానము దాని నంగీకరింపలేదు. మధ్యాహ్నము ఒంటిగంటన్నరకు బయలుదేఱినవాడు నాలుగుగంటల యిరువది నిమిషములకు జంపెను గనుక, నిగ్రహము దెచ్చుకొనుటకు జాలినంత కాలముండెనని 1961లో సుప్రీము కోర్టు నిర్ణయించి, యావజ్జీవ శిక్షను స్థిరపఱచెను.

చదువరులారా! నౌకయొద్ద, కార్యాలయద్వారమున, ఇంటి గుమ్మమున నాతడు నిలిచిపోవచ్చును గదా! నిలువనీయనిది ఉద్రేకము కాదు, కల్పించుకొన్న న్యాయము. అట్టి న్యాయమును మనమును అరువిచ్చుచున్నాము. పరువు పేర జేసిన హింసను మెచ్చుకొనునపుడు, "ఊరకుందువా?" యని కుపితుని రెచ్చగొట్టునపుడు, ఆ దోషములో మనకును భాగము గలదు. కోపించినవానిని గొన్ని గంటలు మాటలతో నిలిపి యుంచుట రెండు ప్రాణములను గాపాడుటయే.