ఉరుము కంటే ముందు వినిపించే గరగర

వేసవిలో సాయంత్రం పాలు పోసే వేళ, ఉరుముల వాన వచ్చే వేళ మన రాయచోటి ప్రాంతంలో ఇంచుమించు ఒకటే. కొన్నేండ్ల క్రితం మేము తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో చింతచెట్టు క్రింద కట్టేసిన రెండు పాడి ఎనుములు ఒక్క పిడుగుకే పడిపోయినవి. "ఒక్క ఉరుము వినపడింది సార్, విప్పుకొద్దామని లేచేలోపలే పడె" అన్నాడు ఆ సభ్యుడు. ఉరుము కంటే ముందే తెలిసే దారి ఉన్నదా అని ఆయన అడిగితే ఆనాడు మేము జవాబు చెప్పలేకపోయినాము.

దారి ఉన్నది. ఉరుము శబ్దం మహా అయితే 15, 20 కిలోమీటర్లు వినపడుతుంది. కాని మెరుపు వెలుగుతోపాటు రేడియో తరంగాలను కూడా పుట్టిస్తుంది. అవి వందల కిలోమీటర్లు పోతాయి. మీడియం వేవ్ పాటల మధ్య వచ్చే చటచట, గరగర అదే. సెట్టు చెడిపోయిందని రిపేరుకు మోసుకొనిపోయినవారిలో మేమూ ఉన్నాము! 1895లోనే రష్యాలో పోపోవ్ అనే శాస్త్రజ్ఞుడు, దూరాన మెరిస్తే గంట మ్రోగే పరికరం చేసినాడు.

ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంటే చూడండి. మీడియం వేవ్‌లో స్టేషను లేనిచోట ముల్లు నిలిపి, సెట్టును మెల్లగా చుట్టూ తిప్పండి. లోపల తీగ చుట్టిన నల్లని కడ్డీ ఒకటి ఉంటుంది. దాని కొన వానవైపు తిరిగినప్పుడు గరగర బాగా తగ్గుతుంది. అయితే వాన ఆ గీతకు ముందున్నదో వెనకున్నదో తెలియదు. గాలివీడులో ఒకరు, లక్కిరెడ్డిపల్లెలో ఒకరు ఒకే సమయంలో చూసి పటం మీద గీతలు గీస్తే, అవి కలిసేచోటే ఉరుముల వాన. ఎడతెగక ఒకే తీరున వచ్చే రొద మాత్రం మోటారుదో బల్బుదో కావచ్చు, మోసపోవద్దు.

ఈ పనినే నేడు యంత్రాలు ఇంకో విధంగా చేస్తున్నాయి. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 30 కిలోమీటర్లు ఎక్కువ దూరమున్న కేంద్రానికి అది సెకనులో పదివేలవ వంతు ఆలస్యంగా చేరుతుంది. పలు కేంద్రాలలో ఆ తేడాలను కొలిచి, పిడుగు పడినచోటు లెక్కగడతారు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటలలో 36,749 పిడుగులు పడినట్లు విపత్తుల నిర్వహణ సంస్థ చెప్పగలిగింది ఇట్టి యంత్రాల వల్లనే. పూణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారి 'దామిని' యాప్ సెల్‌ఫోనులో ఉంటే, 20, 40 కిలోమీటర్ల లోపల మెరుపులున్నప్పుడు తెలుపుతుంది.

తెలిసిన వెంటనే పశువులను చెట్టు క్రిందినుండి విప్పి కొట్టంలోకి తోలండి, కంచె తీగల దగ్గర కట్టవద్దు. పిడుగు చెట్టు మీద పడినా కరెంటు నేలలో పారి, ముందుకాళ్లనుండి వెనుకకాళ్లకు పశువు ఒంట్లోగుండా పోతుంది. ఆ ఎనుములు చచ్చినది బహుశా ఇట్లే. చివరి ఉరుము వినిపించిన అరగంట వరకు పాలక్యాను ఎత్తుకొని బయలుదేరవద్దు. ఆ అరగంట ఆలస్యానికి పాలు తిప్పి పంపవద్దని కార్యదర్శులకు మా మనవి.